దీపాలయ్యని గట్టు దాటించాం!

సినిమాకి వెళ్తాం. హీరో వానలో తడుస్తూ పదిమందిని మట్టి కరిపిస్తాడు, మనం ఈల వేస్తాం. విలన్ డెన్‌లో హీరో చెల్లెల్ని కట్టేస్తారు, మనం కుర్చీ చివరికి జరుగుతాం. అంతే! మనం ఎంత గొంతు చించుకున్నా హీరో ఒక్క అడుగు అటు వెయ్యడు, ఇటు వెయ్యడు. కథ ఎప్పుడో రాసేశారు, ప్రింటు ఎప్పుడో కొట్టేశారు.

మరి ఆ హీరో వేషం మీకే ఇచ్చేస్తే? "ఇదిగో బాబూ ఊరు. ఇవిగో దారులు. ఎటు వెళ్తావో, ఎవర్ని వెంట తీసుకెళ్తావో నీ ఇష్టం. ఓడిపోతే మళ్ళీ రా" అని డైరెక్టరు తప్పుకుంటే?

అదేనండీ రోల్ ప్లేయింగ్ గేమ్. మన భాషలో వేషాల ఆట అనుకోండి. తుపాకీ పుచ్చుకుని టపటపా కాల్చుకుపోయే ఆట కాదిది. ముప్ఫై నలభై గంటలు నడిచే కథ. ఇంటర్వెల్ ఎప్పుడివ్వాలో కూడా మీ చేతిలోనే ఉంటుంది! మొదట్లో హీరోకి చీమని చంపే శక్తి కూడా ఉండదు. పోరాటం పోరాటానికీ అనుభవం పెరుగుతుంది, లెవెల్ పెరుగుతుంది. తోటమాలి కొడుకు తోటరాముడు నేపాళ మాంత్రికుణ్ణి గెలిచేదాకా ఎదిగాడే, సరిగ్గా ఆ వరస. ఇంకో తమాషా ఏమిటంటే, ఈ ఆటల్లో చాలావాటిలో హీరోకి డైలాగులే ఉండవు. ఊళ్ళోవాళ్ళంతా మాట్లాడతారు, హీరో మాత్రం నోరు విప్పడు. ఆ ఖాళీ మనకోసం వదిలిపెట్టింది. డబ్బింగ్ మనం చెప్పుకోవాలన్నమాట!

ఆపిన చోటు గుర్తుండాలిగా!

నలభై గంటల కథని ఎవరూ ఒక్క ఊపున ఆడలేరు. ఇవాళ ఆపిన చోటినుంచే రేపు మొదలెట్టాలి. పాత రోజుల్లో అదే పెద్ద చిక్కు.

జపాన్‌లో 1986లో "డ్రాగన్ క్వెస్ట్" అనే ఆట వచ్చింది. యూజీ హోరీ అనే ఆయన సృష్టి. అందులో ఆట ఆపేముందు రాజుగారు ఒక మంత్రం చెప్పేవారు. ఇరవై అక్షరాలు, అర్థం పర్థం ఉండదు. దాని పేరేమిటో తెలుసా? పునరుజ్జీవన మంత్రం! పిల్లలు దాన్ని నోటు పుస్తకంలో రాసుకుని, మర్నాడు అక్షరం పొల్లుపోకుండా కొడితే హీరో మళ్ళీ లేచేవాడు. ఒక్క అక్షరం తప్పు రాశారో, గోవిందా! రెండో భాగానికొచ్చేసరికి ఆ మంత్రం 52 అక్షరాలదాకా పెరిగింది. పాపం, మన పిల్లలు పద్యాలు కంఠతా పట్టడమే నయమనిపిస్తుంది.

1988లో మూడో భాగం వచ్చేసరికి మంత్రం పోయి బ్యాటరీ వచ్చింది. క్యాసెట్ లోపల చిన్న బిళ్ళ బ్యాటరీ! క్యాసెట్ అంటే పాటల క్యాసెట్ కాదు. గేమ్ కార్ట్రిడ్జ్‌ని మనవాళ్ళు అలాగే అనేవారు, నేనూ అలాగే అంటాను.

క్యాసెట్‌లో రెండు రకాల జ్ఞాపకం ఉంటుంది. ఒకటి కథ. అది అచ్చు వేసిన ప్రింటు లాంటిది, కరెంటు ఉన్నా లేకపోయినా చెరగదు. రెండోది మీరు ఆడిన ఆట. అది పలక మీద రాత లాంటిది. రవ్వంత కరెంటు ఎప్పుడూ అందుతుంటేనే నిలుస్తుంది. గుళ్ళో అఖండదీపానికి చమురు పోస్తుంటారే, ఆ పని చేసేది బిళ్ళ బ్యాటరీ. ఆ చమురు అయిపోయిన రోజున కథ అలాగే ఉంటుంది, మీరు మాత్రం ఉండరు.

అరచేతిలో అద్భుతం

1989లో జపాన్ నింటెండో కంపెనీ గేమ్ బాయ్‌ని విడుదల చేసింది. గున్‌పే యోకోయ్ అనే ఇంజనీరు బృందం తయారుచేసింది. పాతబడి చవకైన సామానుతోనే కొత్త ఆలోచన పుట్టించాలన్నది ఆయన సిద్ధాంతం. అందుకే దాంట్లో రంగుల్లేవు, తెర వెనక లైటూ లేదు. అయితేనేం? తరవాత వచ్చిన రంగుల గేమ్ బాయ్‌తో కలిపి ప్రపంచమంతా దాదాపు 11 కోట్ల 87 లక్షలు అమ్ముడైంది!

దానికి శతదినోత్సవం కాదు, వజ్రోత్సవమే చేయించిన ఆట పోకెమాన్. సృష్టికర్త సతోషి తాజిరి. చిన్నప్పుడు టోక్యో శివార్లలో పురుగులు పట్టుకు తిరిగిన కుర్రాడు. ఆయన గేమ్ ఫ్రీక్ కంపెనీ మొదట కంపెనీయే కాదు, 1983లో మొదలెట్టిన చేతిరాత పత్రిక! రెండు గేమ్ బాయ్‌లని కలిపే తీగని చూసి, దానిమీద ఒక పురుగు ఇటునుంచి అటు పాకుతున్నట్టు ఊహించుకున్నాడట. ఆ ఒక్క ఊహ తెరకెక్కడానికి ఆరేళ్ళు పట్టి, 1996 ఫిబ్రవరి 27న జపాన్‌లో విడుదలైంది. 1998లో అమెరికాకి "రెడ్", "బ్లూ" అని రెండు క్యాసెట్లుగా వెళ్ళింది. 151 జీవాలు. వాటిని పట్టాలి, పెంచాలి, పందేలు కట్టాలి. అన్నీ కావాలంటే ఒక్క క్యాసెట్ చాలదు, తీగ తగిలించి స్నేహితుడితో మార్చుకోవాల్సిందే.

ఆ తీగ సంగతి గుర్తుంచుకోండి. మన కథకి క్లైమాక్స్ దాని మీదే.

తెనాలిలో ఒక వేసవి

2000 వేసవిలో న్యూజెర్సీ నుంచి వచ్చిన మా మేనత్త కొడుకు, మా బావ, తిరిగి వెళ్తూ తన గేమ్ బాయ్ కలర్‌నీ "రెడ్" క్యాసెట్‌నీ తెనాలిలో మా నాయనమ్మ ఇంట్లో వదిలేసి వెళ్ళాడు. నాకు పన్నెండేళ్ళు, చెల్లెలికి తొమ్మిది. క్యాసెట్‌లో ఒక్కరి ఆటకే చోటు. జుట్టూ జుట్టూ పట్టుకున్నాం. నాయనమ్మ తీర్పు చెప్పింది: "చిన్నది కదరా, దాని పేరే పెట్టండి". అలా హీరో పేరు "బుజ్జి" అయింది.

తెర వెనక లైటు లేదు కాబట్టి మధ్యాహ్నాలు వీధి అరుగు మీదే మకాం. రెండు పెన్సిల్ సెల్లు పోసి, ఎండకి ఏటవాలుగా పట్టుకుని ఆడేవాళ్ళం. మొదట ముగ్గురిలో ఒక జీవాన్ని ఎంచుకోవాలి. మేం చార్మాండర్‌ని ఎంచుకున్నాం. తొండపిల్లలాగా ఉంటుంది, తోక చివర మంట. ఆ మంట ఆరితే దాని ప్రాణం పోతుందట.

నాయనమ్మ అప్పడాలు ఎండబెడుతూ తొంగి చూసింది.

"తోకకి దీపం పెట్టారేంట్రా?"

"అది ఆరిపోతే చచ్చిపోద్ది నాయనమ్మా."

"అట్టయితే దీపాలయ్య అని పెట్టండి. ఆరకుండా చూసుకోండి."

నవ్వకండి! ఆటలో పేరుకి ఇచ్చే చోటు పది అక్షరాలు. దీపాలయ్య అని ఇంగ్లీషులో రాస్తే సరిగ్గా పది. కొలిచి కుట్టించినట్టు కుదిరింది. మొదటి బ్యాడ్జీ దగ్గర రాతి జీవాల ముందు నిప్పు పారక దీపాలయ్య ఎన్నిసార్లు కూలిపోయాడో! పదహారో లెవెల్లో రూపం మారాడు, ముప్ఫై ఆరులో రెక్కలొచ్చి చారిజార్డ్ అయ్యాడు. పేరు మాత్రం దీపాలయ్యే. తరవాతి ఏడు బావ ఎవరిచేతో "గోల్డ్" క్యాసెట్ కూడా పంపించాడు కానీ, మా ప్రాణం మాత్రం "రెడ్" మీదే. రోజూ సాయంత్రం నాయనమ్మ అడిగేది, "దీపాలయ్య అన్నం తిన్నాడా?" అని.

నాయనమ్మ 2007లో పోయింది. ఇల్లు అమ్మేశారు. క్యాసెట్లు ఒక బిస్కెట్ డబ్బాలో నాతోపాటు హైదరాబాద్ వచ్చాయి.

డబ్బా తెరిచాం

2024 వేసవి సెలవులకి వైజాగ్ నుంచి మా మేనకోడలు చిన్ని వచ్చింది. తొమ్మిదేళ్ళు. చెల్లెలు ఫోన్లో అడిగింది, "అన్నయ్యా, దీపాలయ్య ఇంకా ఉన్నాడంటావా? దీనికి చూపించవా?"

డబ్బా దించాం. "గోల్డ్" పెట్టి చూస్తే ఆట ఉంది, మా ఆట లేదు. అందులో ఆశ్చర్యం లేదు. "గోల్డ్"లో పగలూ రాత్రీ నిజంగానే మారతాయి, లోపల గడియారం నడుస్తుంటుంది. ఆ గడియారం కూడా అదే బిళ్ళ బ్యాటరీని తాగుతుంది. అందుకే తరవాత వచ్చినా ముందే ఆరిపోతుంది.

"రెడ్" పెట్టాం. ముందు తెరంతా చెత్త. మేకు గుర్తులాంటి పిన్నులు నల్లబడి ఉన్నాయి. చాలామంది ఉఫ్ అని ఊదుతారు, నోటి తడికి పిన్నులు ఇంకా పాడవుతాయి. ఇయర్ బడ్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి తుడిచాం. మళ్ళీ పెట్టాం. ట్రింగ్! బుజ్జి ఉంది. దీపాలయ్య ఉన్నాడు, 78వ లెవెల్. ఆడిన సమయం 132 గంటల 41 నిమిషాలు. తెనాలి అరుగు మీది మధ్యాహ్నాలన్నీ ఆ అంకెలో ఉన్నాయి.

"అమ్మని బుజ్జి అనేవాళ్ళా మావయ్యా?" అంది చిన్ని, అదేదో కుంభకోణం బయటపడినట్టు.

ఇక లోపలి బ్యాటరీ సంగతి. క్యాసెట్ మరకి మామూలు స్క్రూడ్రైవర్ పట్టదు, 3.8 మిల్లీమీటర్ల గేమ్‌బిట్ కావాలి. (రీఫిల్ తీసేసిన పెన్ను గొట్టం కొస కరిగించి, మర మీద నొక్కి, చల్లారాక తిప్పేవాళ్ళూ ఉన్నారు!) విప్పి మీటర్ పెడితే 2.3 వోల్టులు. కొత్త బిళ్ళకి ఉండాల్సింది 3. అంటే చమురు అడుగంటింది. ఇవాళో రేపో అన్నమాట.

పాత బ్యాటరీ తీసి కొత్తది వేస్తే చాలదా అంటారేమో. తీసిన క్షణంలో పలక తుడిచేసినట్టే! ఆట నడుస్తుండగానే బ్యాటరీ మార్చే మొనగాళ్ళున్నారు, కానీ సోల్డరింగ్ ఐరన్ ఒక్క వెంట్రుకవాసి జారిందో, అంతే సంగతులు. క్యాసెట్‌ని కంప్యూటర్‌కి తగిలించి మొత్తం నకలు తీసే పరికరం ఒకటుంది. మొత్తమంటే ఎంతనుకున్నారు? 32 కిలోబైట్లు! మీ ఫోన్లో ఒక్క ఫొటో అంత కూడా కాదు. ఆర్డర్ పెట్టాను. మూడు వారాలు పడుతుందన్నారు.

రోగికి మూడు రోజుల గడువు, మందు రావడానికి మూడు వారాలు! మీరెన్ని సినిమాల్లో చూడలేదూ?

ఇక తీగే గతి

అప్పుడు గుర్తొచ్చింది తాజిరి గారి తీగ. "గోల్డ్"లో టైమ్ క్యాప్సూల్ అని ఒక ఏర్పాటుంది. దాని ద్వారా పాత "రెడ్"లోని జీవాన్ని తీగ మీదుగా "గోల్డ్"లోకి దాటించొచ్చు. "గోల్డ్"కి కొత్త బ్యాటరీ వేస్తే దీపాలయ్యకి ఇంకో పదేళ్ళు ఆయుష్షు. కానీ ఆ దారి మొదట్లోనే తెరుచుకోదు. కథ మొదటినుంచీ ఆడి, మూడు బ్యాడ్జీలు గెలిచి, ఎక్రుటీక్ అనే ఊరు చేరి, అక్కడ బిల్ అనే ఆయన్ని కలవాలి. ఆ తరవాత కూడా మర్నాటిదాకా ఆగాలి!

కోఠీ గుజరాతీ గల్లీకి పరిగెత్తాను. నాకు కావాల్సింది 2025 నంబరు బిళ్ళ, అదీ రెండు రేకు కాళ్ళు అతికించినది. ఉత్త బిళ్ళకి నేరుగా టంకం పెడితే వేడికి పగిలే ప్రమాదం ఉంది. "గది దొరకది సార్, వాచీ బ్యాటరీ వెట్టుకోండ్రి" అన్నారు రెండు షాపుల్లో. మూడో షాపులో దొరికింది. ఆ రాత్రే "గోల్డ్"కి పాత బిళ్ళ తీసి, ప్లస్సూ మైనస్సూ చూసుకుని, కొత్తది అతికించాను. గడియారం సరిచేశాం. కొత్త హీరో పేరు: చిన్ని.

పగటి షిఫ్టు ఆమెది, ఆఫీసు నుంచి వచ్చాక రాత్రి షిఫ్టు నాది. "ఈ అడవినిండా గుడ్లగూబలేనే" అంటాను నేను. "ఒక్కటీ లేదు మావయ్యా, అబద్ధం!" అంటుంది ఆమె. ఆటలో ఆమెకి ఎప్పుడూ పగలే, నాకు ఎప్పుడూ రాత్రే మరి! మూడో బ్యాడ్జీ దగ్గర విట్నీ అనే అమ్మాయి ఉంది. ఆమె ఆవు మిల్‌టాంక్ దొర్లుకుంటూ వచ్చి గుద్దుతుంది, దొర్లినకొద్దీ దెబ్బ రెట్టింపు. ప్రపంచంలో ఏ దేశం పిల్లలనడిగినా ఆ ఆవు పేరు చెబితే ఉలిక్కిపడతారు. మేం ఏడుసార్లు ఓడాం. ఎనిమిదోసారి గెలిచి, చిన్ని వేసిన కేకకి పక్క ఫ్లాట్ ఆవిడ తలుపు తట్టింది. ఆ పైన దారికి అడ్డంగా చెట్టు. అది చెట్టు కాదు, చెట్టు వేషంలో ఉన్న జీవం! నీళ్ళు చల్లితే బయటపడుతుంది.

పంతొమ్మిదో రోజున బిల్ కనిపించాడు. మర్నాడు ఆదివారం. పాత గేమ్ బాయ్ ఇంకోటి తెలిసినవాళ్ళ దగ్గర తెచ్చి, మధ్య తీగ తగిలించాం. టైమ్ క్యాప్సూల్ ఎక్కేముందు "గోల్డ్"లోని కొత్తతరం జీవాలన్నిటినీ పక్కన పెట్టాలి, పాతకాలం వాటికే ప్రవేశం. ఉత్తపుణ్యానికి ఇవ్వరు కూడా, ఒకటిస్తేనే ఒకటి. పిడ్జీ అనే చిన్న పిట్టని అటు పంపించాం. తెర మీద దీపాలయ్య తీగలోకి దిగాడు. చిన్ని నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. వీడియో కాల్‌లో చెల్లెలు మాట్లాడ్డం మానేసింది.

ఇవతలి తెర వెలిగింది. పేరు దీపాలయ్య. పెంచినవారు: బుజ్జి.

పరికరం నాలుగో రోజున వచ్చింది. "రెడ్"ని తగిలించాను. ఏమీ లేదు. గేమ్ బాయ్‌లో పెట్టి చూస్తే కొత్త ఆట మొదలెట్టమంటోంది. ఆ నాలుగు రోజుల్లోనే ఆరిపోయింది. పిడ్జీ పోయింది, 132 గంటల 41 నిమిషాలూ పోయాయి.

చెల్లెలికి చెప్పాను. కాసేపాగి అంది, "పోన్లే అన్నయ్యా, ఆ గంటలు మనం ఎట్టాగూ ఆడేశాంగా!"

బొమ్మ పోతే బొమ్మే

ఇంత హడావుడి ఒక తొండ కోసమా అని మీరు అనొచ్చు. సినిమా ప్రియులు మీరు, మీకో మాట. మన దేశపు తొలి టాకీ "ఆలం ఆరా" 1931 మార్చి 14న విడుదలైంది. అందులో మన ఎల్.వి.ప్రసాద్ గారు కూడా వేషం వేశారు. ఆ వేషం ఎలా ఉందో ఇవాళ ఎవరూ చూడలేరు, ఒక్క ప్రింటూ మిగల్లేదు. పుణేలో ఫిల్మ్ ఆర్కైవ్ 1964లో పుట్టేసరికే చాలా బొమ్మలు బూడిదైపోయాయి. ఆటల సంగతీ అంతే. అమెరికాలో వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో లెక్క తీస్తే, 2010కి ముందు అక్కడ విడుదలైన పాత ఆటల్లో నూటికి 87 ఇవాళ బజార్లో కొందామన్నా దొరకవని తేలింది. సినిమా పోతే డైరెక్టరు పని పోతుంది. వేషాల ఆటలో అయితే మనం వేసిన వేషం పోతుంది. దానికి ఉన్న ప్రింటు ఒక్కటే, అదీ మీ అటక మీదే!

కాబట్టి, మీ ఇంట్లో పాత క్యాసెట్లుంటే ఈ ఆదివారమే దించండి. ముందు తుడవండి. ఆట నిలిచి ఉంటే, బ్యాటరీ జోలికి వెళ్ళకముందే నకలు తీయించండి. బిళ్ళ నంబరు దాని మీదే రాసి ఉంటుంది, అదే వెయ్యండి. కొత్తగా కొనేవాళ్ళు నకిలీలతో జాగ్రత్త. చాలా నకిలీ క్యాసెట్లు ఆటని ఇవాళ గుర్తుంచుకుని రేపు మర్చిపోతాయి.

అన్నట్టు, దీపాలయ్య కొత్త ఇంట్లో ఎలా ఉన్నాడంటారా? చిన్ని మాట ససేమిరా వినడం లేదు! ఆటలో నియమం అది. పైనుంచి వచ్చిన పెద్ద లెవెల్ జీవం, పెంచేవాళ్ళకి తగిన బ్యాడ్జీలు లేకపోతే లెక్కచెయ్యదు. యుద్ధం మధ్యలో మంట వెయ్యమంటే అటు తిరిగి నిద్రపోతాడు. 78వ లెవెల్ పెద్దమనిషి మరి! ఆయన మాట వినాలంటే ఎనిమిదో బ్యాడ్జీ గెలవాలి. చిన్నికి ఇప్పటికి ఐదొచ్చాయి. మిగతా మూడూ తనే గెలుస్తుందిట, మావయ్య చెయ్యి పెట్టకూడదుట.

గేమ్ బాయ్ తనతోనే వైజాగ్ వెళ్ళింది. నాకిప్పుడు రాత్రి షిఫ్టు లేదు.